వీపీఎన్ కనెక్ట్ అవుతోంది కానీ ఏదీ ఓపెన్ కావట్లేదు, సాయంత్రం లోపు కావాలి ప్లీజ్

లత_ఎల్
పొద్దున్నుంచీ ఇదే పని, తల పగిలిపోతోంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, పచ్చ టిక్కు కూడా వస్తుంది. ఆ తర్వాత ఏదీ తెరుచుకోదు. మెయిల్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. కోడ్ ఉన్న పేజీ సగం వచ్చి ఆగిపోతుంది. చాట్‌లో మాత్రం చిన్న చిన్న మెసేజ్‌లు వెళ్తున్నాయి, ఫైల్ పెడితే కదలదు. వీపీఎన్ తీసేస్తే యూట్యూబ్ హెచ్‌డీలో ఆడుతోంది, అంటే నెట్ బాగానే ఉంది కదా. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను, రూటర్ ఆపి ఆన్ చేశాను, పాస్‌వర్డ్ మార్చాను. మా ఆయన ల్యాప్‌టాప్ ఇదే గదిలో, ఇదే టేబుల్ మీద హాయిగా పనిచేస్తోంది! హైదరాబాద్‌లో నాకెప్పుడూ ఈ ఇబ్బంది రాలేదు. 4 గంటలకి రిలీజ్ కాల్ ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, దండం పెడతాను.

నాగ్_నెట్‌వర్క్స్
ఎంటీయూ. తగ్గించండి.

లత_ఎల్
అంటే ఏంటండీ? ఎక్కడ తగ్గించాలి?

గోదారి_గట్టు
ఏ ఊళ్లో ఉన్నారు, ఏ కనెక్షన్, మీవారిదీ ఇదే కంపెనీయా? ఇవేవీ చెప్పకుండా ఎలాగండీ.

లత_ఎల్
మేమిద్దరం ఊళ్లు తిరుగుతూ పనిచేసుకుంటున్నాం. ఇప్పుడు దీవిలో ఉన్నాం. హోమ్‌స్టే వైఫై. ఆయనది వేరే కంపెనీ.

శ్రీధర్_అమలాపురం
అమ్మా, నెట్ సంగతి తర్వాత. ముందు వీసా చూసుకున్నారా? ఈ మధ్య మన పిల్లలు చాలామంది బాలి వెళ్లి, వీసా ఆన్ అరైవల్ మీద దిగి, ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసేస్తున్నారు. ఆ వీసా 30 రోజులు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. అది చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం ఇచ్చేది. దూరం నుంచి ఉద్యోగం చేసేవాళ్లకి ఇండోనేషియా విడిగా ఈ33జీ అనే వీసా పెట్టింది. దానికి ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. థాయ్‌లాండ్ వాళ్లు 2024లో డీటీవీ అనే వీసా తెచ్చారు. అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, కానీ ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి. మారిషస్ ప్రీమియం వీసాకి నెలకి 1,500 డాలర్ల ఆదాయం చాలు. వీటిలో ఏదీ లేకుండా కూర్చుంటే రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ ఇద్దరినీ ఫ్లైట్ ఎక్కించి పంపేస్తారు. మా మేనల్లుడికి ఇదే చెప్పాను, వినలేదు.

వెన్నెల_సెయిల్స్
శ్రీధర్ గారూ, వాటన్నిటినీ నోమాడ్ వీసా అని ఒకే గాటన కట్టేస్తే ఎలా? డీటీవీ కింద ముయె థాయ్ (థాయ్ బాక్సింగ్), వంట కోర్సులకు వచ్చేవాళ్లు కూడా వస్తారు. అసలు ఆవిడ బాలిలో ఉన్నానని ఎక్కడన్నారు?

శ్రీధర్_అమలాపురం
దీవి అన్నారుగా. నేను మంచికే చెప్పాను. వీసా పేరు ఏదైనా, పని చేయొచ్చని అందులో రాసుందా లేదా అన్నదే చూడాలి.

లత_ఎల్
బాలి కాదండీ, హావ్‌లాక్. అండమాన్. వీసా ఎందుకు? మేనేజర్ ఒప్పుకున్న మెయిల్ కూడా ఉంది. దయచేసి వీపీఎన్ గురించి చెప్పండి, టైమ్ అయిపోతోంది.

పోర్ట్‌బ్లెయిర్_బాబాయ్
హావ్‌లాకా! ముందే చెప్తే అయిపోయేదిగా తల్లీ. నేను పుట్టిందీ పెరిగిందీ పోర్ట్‌బ్లెయిర్‌లోనే, మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం, కాబట్టి ఇబ్బంది ఏదొచ్చినా తెలుగులో అడగడానికి మనిషి దొరుకుతాడు. సరే, అసలు సంగతి. 2020 ఆగస్టుకి ముందు ఇక్కడ నెట్ అంతా శాటిలైట్ మీదే. మెయిల్‌కి ఒక ఫొటో జతచేసి, పంపించు నొక్కి, భోంచేసి వచ్చేవాళ్లం. ఆ నెలలో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది, దాదాపు 2,300 కిలోమీటర్లు. హావ్‌లాక్‌కి కూడా అందులోంచే వస్తుంది. కాబట్టి లైన్ స్పీడ్ సమస్య అయ్యుండదు. మీ గదిలో ఫైబర్ పెట్టె, అంటే గోడకి ఉండే తెల్ల డబ్బా, దాని మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా మెరుస్తోందా? మెరిస్తే లైన్ తెగినట్టు.

లత_ఎల్
లేదు బాబాయ్ గారూ, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. సిగ్నల్ కూడా ఫుల్.

నాగ్_నెట్‌వర్క్స్
ఆ ఫుల్ బార్లు మీ ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య సంగతి. బయట లైన్ గురించి అవి ఏమీ చెప్పవు.

గోదారి_గట్టు
సిగ్నల్ అన్నా వైఫై అన్నా మనందరికీ ఒకటేలెండి, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పండి.

నాగ్_నెట్‌వర్క్స్
ఒకటి కాదు. ఆ రెండూ ఒకటే అనుకోబట్టే పొద్దున్నుంచీ రూటర్ ఆపి ఆన్ చేస్తూ కూర్చున్నారు.

జైహింద్_సత్తిబాబు
ఇంకా హావ్‌లాక్ అంటారేంటండీ. 2018 డిసెంబర్ 30న స్వరాజ్ ద్వీప్ అని మార్చారు, నీల్‌ని షహీద్ ద్వీప్ అన్నారు. 1943లో అదే రోజున నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు, అండమాన్‌కి షహీద్, నికోబార్‌కి స్వరాజ్ అని ఆ రెండు పేర్లూ పెట్టింది ఆయనే. పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. మన వాళ్లు ఇప్పటికైనా అలవాటు చేసుకోవాలి. హావ్‌లాక్ 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ జనరల్.

పోర్ట్‌బ్లెయిర్_బాబాయ్
సత్తిబాబూ, నువ్వన్నది నిజమే. కానీ జెట్టీ దగ్గర హావ్‌లాక్ అంటేనే ఆటోవాడు తలూపుతాడు. ఆ పిల్లకి 4 గంటలకి కాల్ ఉంది, ఈ చర్చ ఇంకో పోస్టులో పెట్టుకుందాం.

నాగ్_నెట్‌వర్క్స్
లత గారూ, ఒక పరీక్ష చేయండి. వీపీఎన్ తీసేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పింగ్ అని కొట్టి, గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ఇచ్చి, పక్కన మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1472 పెట్టండి. ఎఫ్ అంటే ప్యాకెట్‌ను, అంటే నెట్‌లో ఒక్కసారికి వెళ్లే డేటా మూటను, ముక్కలు చేయొద్దని, ఎల్ అంటే సైజు. జవాబు రాకపోతే 1464, 1430, 1412 అలా తగ్గిస్తూ వెళ్లండి. ఎక్కడ జవాబు మొదలవుతుందో ఆ అంకె ఇక్కడ రాయండి. దీనికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు.

లత_ఎల్
1472కి రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. 1464కి అదే. 1430కీ అదే. 1412కి రిప్లై వచ్చింది!

నాగ్_నెట్‌వర్క్స్
అనుకున్నదే. 1412కి హెడర్ల (ప్యాకెట్ మీది చిరునామా చీటీల) 28 కలిపితే 1440. మీ లైన్ ఒక్కో ప్యాకెట్‌లో మోయగలిగేది, అదే ఎంటీయూ, దాదాపు 1440 బైట్లు. మామూలుగా 1500 ఉంటుంది, డయల్ చేసి కనెక్టయ్యే ఫైబర్‌లో 1492. మీ హోమ్‌స్టే లైన్‌లో మధ్యలో ఇంకేదో టన్నెల్ (ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపే దారి) ఉన్నట్టుంది, అందుకే ఇంకా తగ్గింది.

వీపీఎన్ చేసేది మీ ప్యాకెట్‌ని ఇంకో అట్టపెట్టెలో పెట్టి, తాళం వేసి పంపడం. లోపలిది 1400 అనుకుంటే బయటి పెట్టెకి మరో 60 నుంచి 90 బైట్లు. 1440 దాటిపోయింది. మధ్యలో ఉన్న రూటర్ నిజానికి ‘ఇది పెద్దది, చిన్నగా పంపు’ అని వెనక్కి కబురు పెట్టాలి. మీ దారిలో ఎవరో ఆ కబురుని కూడా ఆపేస్తున్నారు. అందుకే మీకు ఎర్రర్ కూడా కనబడదు, ఊరికే తిరుగుతుంది. కనెక్ట్ అయ్యేటప్పుడు వెళ్లేవి చిన్న ప్యాకెట్లు కాబట్టి పచ్చ టిక్కు వస్తుంది. చాట్ మెసేజ్ చిన్నది, వెళ్లిపోతుంది. మెయిల్, ఫైల్, కోడ్ పేజీ పెద్దవి, చస్తాయి.

యూట్యూబ్ ఎందుకు ఆడుతోందంటే, ఆ ప్యాకెట్లు చిన్న సైజులోనే వస్తాయి. మామూలు సైట్లకి రూటరే మాట్లాడి సైజు తగ్గించుకుంటుంది. వీపీఎన్ లోపల ఏముందో రూటర్‌కి కనబడదు, కాబట్టి అక్కడ తగ్గించడం దానివల్ల కాదు.

లత_ఎల్
అబ్బ, ఇప్పుడు అర్థమైంది అండీ. మరి మా ఆయనది ఎలా పనిచేస్తోంది?

నాగ్_నెట్‌వర్క్స్
ఆయన వీపీఎన్ వాడుతున్నారా?

లత_ఎల్
అడిగాను. వాళ్లది బ్రౌజర్‌లో ఆఫీసు డెస్క్‌టాప్ తెరుచుకునే పద్ధతి అట. వీపీఎన్ లేదు.

నాగ్_నెట్‌వర్క్స్
మరింకేం. ఆ పోలికే తప్పు.

లత_ఎల్
సరే, ఇప్పుడు ఎంటీయూ ఎక్కడ మార్చాలి? ఆఫీసు ల్యాప్‌టాప్, నాకు అడ్మిన్ లేదు.

వెన్నెల_సెయిల్స్
అది కూడా ఇప్పుడే చెప్తున్నారా :)

నాగ్_నెట్‌వర్క్స్
మీ చేతిలో లేదు. మీ ఐటీ వాళ్లకి టికెట్ పెట్టండి. ‘నెట్ స్లోగా ఉంది’ అని రాయకండి, వాళ్లు స్పీడ్ టెస్ట్ చేసి మూసేస్తారు. ఇలా రాయండి: ‘నేనున్న లైన్ పాత్ ఎంటీయూ 1440, పింగ్‌తో చూశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. వీపీఎన్ టన్నెల్ ఎంటీయూ 1300కి తగ్గించండి. కుదరకపోతే యూడీపీ బదులు టీసీపీ 443 మీద కనెక్ట్ అయ్యే ప్రొఫైల్ ఇవ్వండి.’ రెండోది, అంటే మామూలు వెబ్‌సైట్లు వెళ్లే దారిలోనే వీపీఎన్ నడపడం, కొంచెం నెమ్మది, కానీ పని నడుస్తుంది.

4 గంటల కాల్‌కి ఫోన్ హాట్‌స్పాట్ చూడండి. వైఫై హాట్‌స్పాట్ కంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టి టెథరింగ్ చేస్తే నిలకడగా ఉంటుంది.

లత_ఎల్
హాట్‌స్పాట్‌తో పొద్దున పనిచేసింది అండీ. గదిలో రెండు గీతలే వస్తాయని వదిలేశాను.

నాగ్_నెట్‌వర్క్స్
అదొక్కటి మొదట్లో చెప్పి ఉంటే రెండో మెసేజ్‌లోనే తేలిపోయేది. ఒక లైన్‌లో నడిచి, ఇంకో లైన్‌లో నడవకపోతే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు.

పోర్ట్‌బ్లెయిర్_బాబాయ్
తల్లీ, ఫోన్ పట్టుకుని గది బయటికి, జెట్టీ వైపు నడిచి చూడు, 3వ నంబర్ గోవింద్ నగర్ బజారు దగ్గర సిగ్నల్ బాగుంటుంది. 7వ నంబర్ రాధానగర్ వైపు వెళ్తే చెట్ల మధ్య పోతుంది. అక్కడ కాల్ పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఇక్కడ కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే, మధ్యలో పోతుంటుంది. హోమ్‌స్టే వాళ్లకి ఇన్వర్టర్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఫైబర్ డబ్బా ఇన్వర్టర్ ప్లగ్‌లో ఉందో లేదో మీరే చూడండి. చాలాచోట్ల ఫ్యానూ లైటూ ఇన్వర్టర్ మీద ఉంటాయి, డబ్బా మాత్రం మామూలు ప్లగ్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా నెట్ పోతుంది. రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ బ్యాగులో పడేసుకుంటే, ఇలా తిరుగుతూ పనిచేసేవాళ్లకి మంచిది.

గోదారి_గట్టు
ఇది పనికొచ్చే మాట. మేమూ వచ్చే సీజన్‌లో ప్లాన్ చేస్తున్నాం. ఫెర్రీ సంగతి ఏంటి బాబాయ్ గారూ?

పోర్ట్‌బ్లెయిర్_బాబాయ్
నైరుతి రుతుపవనాలు మన దగ్గరికంటే ముందు ఇక్కడికే వస్తాయి, మే మూడో వారం ప్రాంతంలో. ఆ తర్వాత గాలులు లేచాయంటే పడవలు ఆపేస్తారు. హావ్‌లాక్ నుంచి చివరి ఫెర్రీ ఎక్కి, అదే రోజు ఫ్లైట్ పట్టుకుందామని ప్లాన్ వేస్తే మునిగారన్నమాటే. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి, వానాకాలమైతే రెండు, ముందే వదులుకోవాలి. ఉద్యోగం చేసేవాళ్లు సోమవారం కాల్ పెట్టుకుని ఆదివారం ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇంకో విషయం. ఇక్కడ కూడా భారత కాలమానమే, కానీ దేశానికి బాగా తూర్పున ఉన్నాం కాబట్టి అయిదున్నర ప్రాంతంలోనే చీకటి పడిపోతుంది. తెల్లారడం కూడా తొందరే. ఆఫీసు అయ్యాక బీచికి వెళ్దామంటే కుదరదు. పొద్దున అయిదున్నరకి వెళ్లి తిరిగి, తొమ్మిదికి కూర్చోండి.

విశాఖ_డైవర్
ఎలాగూ బీచి మాట వచ్చింది కాబట్టి చెప్పనివ్వండి. పోటు తగ్గినప్పుడు నీల్‌లో సహజ వంతెన దగ్గర నీళ్లు మోకాలు లోతు ఉంటాయి, అందరూ చెప్పులేసుకుని పగడాల మీద నడిచేస్తారు. రాయిలా కనబడేదంతా రాయి కాదు, ప్రాణమున్నది. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారిపోయాయి. ఇంకా కోలుకుంటున్నాయి. మధ్యలో మన కాళ్లు పడితే విరిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. గవ్వలూ, చచ్చిన పగడాలూ బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఎండకి క్రీమ్ పూసుకోవడం కంటే చేతులు కప్పే టీషర్టు వేసుకుని దిగితే నీటికి మంచిది. దయచేసి ఇది పట్టించుకోండి, నేను ఏటా చూస్తున్నాను, ఏటా తగ్గిపోతోంది.

శ్రీధర్_అమలాపురం
మంచి మాట చెప్పారు. లత గారూ, తర్వాత బాలి వెళ్తే మాత్రం పైన నేను రాసింది చదువుకోండి.

నాగ్_నెట్‌వర్క్స్
టికెట్ పెట్టారా?

గోదారి_గట్టు
4 దాటింది. కాల్‌లో ఉన్నట్టున్నారు.

జైహింద్_సత్తిబాబు
విశాఖ నుంచి ఓడలో వెళ్తే ఎన్ని రోజులు పడుతుందో ఎవరికైనా తెలుసా? మా అమ్మగారికి ఫ్లైట్ పడదు.

పోర్ట్‌బ్లెయిర్_బాబాయ్
దాదాపు రెండున్నర రోజులు పడుతుంది సత్తిబాబూ. రోజూ ఉండదు, తేదీలు ముందుగా చూసుకోవాలి. అమ్మగారికైతే బంక్ కాకుండా క్యాబిన్ తీసుకో.

లత_ఎల్
కాల్ హాట్‌స్పాట్ మీద లాగించేశాను, బజారు దగ్గర టీ కొట్టు ముందు కూర్చుని. ఐటీ వాళ్లు రాత్రి 1300 పెట్టారు, ఇప్పుడు గదిలోంచే అన్నీ ఓపెన్ అవుతున్నాయి. నాగ్ గారూ, బాబాయ్ గారూ థాంక్స్ అండీ. ఫైబర్ డబ్బా మామూలు ప్లగ్‌లోనే ఉంది, మార్పించాం.

కావేరి_మిని
లక్షద్వీప్‌లో, అగట్టిలో కూడా ఇలాగే పనిచేయొచ్చా అండీ? కొచ్చి నుంచి కేబుల్ వేశారని 2024లో చదివాను. పర్మిట్‌లో ఎన్ని రోజులు ఇస్తారు? మా ఇద్దరిదీ వీపీఎన్ ఆఫీసే.