ఆరాధనలో కొత్తదనం అంటే పెద్దలు ఒప్పుకోవడం లేదు, ఎలా?

ప్రశ్న (చిత్తూరు):
మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన క్రమం అక్షరం మారదు. యువత కొత్త పాటలు, సాక్ష్యాలు (దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందు చెప్పడం), ఉపవాస ప్రార్థన కావాలంటోంది. "ఆర్కాటు మిషన్ దొరల (అమెరికా మిషనరీల) కాలంలో ఇలా ఉండేదా?" అంటారు పెద్దలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (తిరుపతి):
పెద్దలు కాపాడుతున్న కీర్తనలూ ఒకప్పుడు కొత్తవేనండీ. పురుషోత్తమ చౌదరి గారు రాసింది 19వ శతాబ్దంలో. పాప ఒప్పుకోలు, ప్రభు భోజనం జోలికి పోకండి. నెలకు ఒక్క కొత్త పాట, అదీ కానుకల సమయంలో, నాలుగు ఆదివారాలూ అదే. మొదటి వారం గాయక బృందం పాడాలి, తర్వాత సంఘమంతా. శ్రుతి ఎక్కువ పెడితే మగవాళ్లు నోరు మూసుకుంటారు. కీబోర్డు తగ్గించండి. తమిళ కుటుంబాలుంటే పల్లవి రెండు భాషల్లో పాడించండి.

జవాబు (మదనపల్లె):
పాటల దగ్గరే ఆగితే అది ఉజ్జీవం (విశ్వాసం మళ్లీ మేల్కోవడం) కాదు, కచేరీ. బైబిల్లో ఎజ్రా 3:12లో కొత్త ఆలయానికి పునాది వేస్తుంటే, పాత మందిరం చూసిన ముసలివాళ్లు ఏడ్చారు. వాళ్లనెవరూ మందలించలేదు. 2 రాజులు 18:4లో మాత్రం, మోషే చేసిన ఇత్తడి సర్పానికే జనం ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టాడు. మీ పెద్దల దగ్గరున్నది ఏడుపా (పాతదాని మీద బెంగ), ధూపమా (పాతదాన్నే పూజించడం)? ముందు అది తేల్చుకోండి. ఏడుపైతే ఓపిక పట్టాలి.

జవాబు (పలమనేరు):
సాక్ష్యానికి మూడు నిమిషాలు, పాస్టరు గారికి ముందే చెప్పాలి. లేకపోతే వారం వారం ఆ ముగ్గురే మైకు పట్టుకుంటారు. ఉపవాసం శుక్రవారం పెట్టండి, షుగర్ మందులు వాడేవాళ్లను బలవంతపెట్టకండి. దేవుడు తనకిచ్చిన మాట, ప్రవచనమంటూ ఎవరైనా లేస్తే 1 థెస్సలొనీకయులకు 5:19-21 మొత్తం చదవండి: ఆత్మను ఆర్పకూడదు, సమస్తాన్నీ పరీక్షించాలి. మనవాళ్లు సగమే చదువుతారు.