చిత్త చినుకు: చిత్తడి చేసేదా, చిత్తమున్నదా?

నిన్న మన సమూహంలో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "'చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడును' అని ఒక చోట చదివాను. ఇందులో చిత్త అంటే చిత్తడేనా? నేలని బురద చేసే చినుకు అనా?"

కాదు తమ్ముడూ. చిత్తడి వేరు, చిత్త వేరు. చిత్తడి అంటే తడి, బురద. చిత్త నక్షత్రం పేరు. సంస్కృతంలో చిత్రా, ప్రాకృతంలో 'త్ర' కాస్తా 'త్త' అయి, ఆ రూపమే మన రైతుల నోట నిలిచింది. పూర్వ ఫల్గుని 'పుబ్బ'గా మారిందీ ఈ దారినే. సూర్యుడు చిత్త దగ్గర ఉండే 13, 14 రోజులు చిత్త కార్తె. అక్టోబరు 10, 11 తేదీల్లో వస్తుంది, 23 దాకా ఉంటుంది. చైత్ర మాసానికి పేరు పెట్టిందీ ఈ నక్షత్రమే. చైత్ర పౌర్ణమికి చంద్రుడు దీని దగ్గరుంటాడు, సూర్యుడేమో ఆరు నెలల తర్వాత శరత్తులో ఇక్కడికి వస్తాడు. ఆ విధంగా ఒకే చుక్క వసంతంలో నెలకీ, శరత్తులో వానకీ పేరైంది.

ఇక అసలు సంగతి. నువ్వు చదివిన పాఠంలో 'ఇష్టమున్న చోట' అని ఉంది. అలా అనేవాళ్ళున్నారు, నేనూ విన్నాను. కానీ మా ఇంట్లో విన్నది 'చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడును'. నా మటుకు ఇదే సరైన పాఠం. చిత్త, చినుకు, చిత్తము, చోటు అని నాలుగు 'చ'లు వరసగా వస్తాయి. 'ఇష్టం' అనగానే ఆ వరస తెగిపోతుంది. పైగా అసలు శ్లేష పోతుంది. నక్షత్రం చిత్త, మనసు చిత్తం. సంస్కృతంలో ఈ రెండూ ఒకేలా వినపడవు, ఒకటి చిత్రా, ఇంకొకటి చిత్తమ్. 'త్ర' కాస్తా 'త్త' అయ్యాకే రెండూ అక్కచెల్లెళ్ళయ్యాయి. అంటే ఈ శ్లేష సంస్కృతంలో కుదరదు. ఇంత అందమైన పనిని 'ఇష్టం' అనే ఒక్క మాటతో చెరిపేసుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ శ్లేష యాదృచ్ఛికం కాదనడానికి ఇంకో సామెత సాక్ష్యం ఉంది: 'చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే...' తర్వాతి ముక్క ఊరికో రకంగా చెప్తారు, అన్నిటి సారం పంట బాగా పండుతుందనే. ఇక్కడా చిత్తకి చిత్తమే అంటగట్టారు. చిత్తగించడం అంటే దయతలచడం, మనసు పెట్టడం. మూడు కార్తెలకీ తలో పని అప్పజెప్పారు, చిత్తకీ విశాఖకీ వాటి మొదటి అక్షరంతోనే: చిత్త చిత్తగించాలి, స్వాతి చల్లజేయాలి, విశాఖ విసరకూడదు. నవంబరు గాలులకి కోతకొచ్చిన చేను పడిపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళు కూర్చిన మాట ఇది.

మా మామ్మది పాలకొండ పక్క పల్లె. ఆవిడ నోట్లో 'చ' లేదు, అన్నీ 'స'లే. చేను సేను, చెట్టు సెట్టు. నేను పదో తరగతిలో ఉండగా, దసరా వెళ్ళిన వారానికి, చేనుగట్టు మీద ఆవిడ పక్కన నించున్నాను. వరి పొట్ట మీద ఉంది, మడిలో నీళ్ళు లేవు, నేల నెర్రెలు విచ్చుకోబోతోంది. మధ్యాహ్నం మూడు దాటాక సీతంపేట కొండల మీద మబ్బు లేచింది. ముందు చల్లగాలి వచ్చింది, గట్టు మీద తాటికమ్మలు గలగలలాడాయి. ఉరుము ఉరిమింది. కొండ కనపడకుండా పోయింది. ఆ తెల్లటి తెర కొండ దిగి, తోటలు దాటి, గెడ్డ (వాగు) అవతలి గట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. అవతల మా మామయ్య మడులు నిండిపోతున్నాయి. ఇవతల మా మడిలో రూపాయి బిళ్ళంత చినుకులు ఓ పాతికో ముప్ఫయ్యో పడి, మట్టిలో గుంటలు చేసి, అంతే. నాకు ఏడుపొచ్చింది. మామ్మ గిడుగు దించి చంకలో పెట్టుకుని అంది:

"సిత్త సినుకురా గుంటడా. దాని సిత్తమున్న సోట పడతాది. మనం రమ్మంటే వస్తాదేటి?"

నాలుగు 'చ'లూ నాలుగు 'స'లయ్యాయి, వరస మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రాత్రి గెడ్డలో ఎర్రనీళ్ళొచ్చాయి. కొండ మీదా, అవతలి గట్టునా పడిన వానే అది. నాన్నా చిన్నాన్నా ఇంజను పెట్టి తెల్లార్లూ తోడారు. మా మీద పడని చినుకు అలా మా మడిలోకి చేరింది.

(గిడుగు తెలియనివాళ్ళ కోసం: తాటాకుతో అల్లే, పిడి లేని గొడుగు. వంగి నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు నెత్తినా వీపునా కప్పేది. ఈ మాట చాలామందికి ఇప్పుడు ఇంటిపేరుగానే తెలుసు.)

రాజాం అన్నగారు కింద రాశారు: "సామెత బాగుంది గాని, మన ఉత్తరాంధ్ర జిల్లాలకి సరిపడదు. చిత్త కార్తెలో మనకి వచ్చేది తుఫాను. అది చిత్తమున్న చోట పడదు, అందరినీ ముంచుతుంది."

అన్నగారూ, మీ మాట గట్టి మాటే. తేదీలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస వైపు. మూడూ చిత్త కార్తె మొదటి రోజులే. తిత్లీకి ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లు చూసినవాళ్ళెవరూ చిత్తని తేలిగ్గా తీసుకోరు.

కానీ సామెతలో ఉన్న నామవాచకం చూడండి. వాన అనలేదు, వర్షం అనలేదు, చినుకు అంది. తుఫాను వానని మనం ఎవరమూ చినుకు అనం. అది గాలివాన, జడి. రెండు మూడు రోజులు వదలకుండా పట్టిందా, ముసురు. ఆషాఢ శ్రావణాల్లో అల్పపీడనం పట్టినప్పుడు పడేదీ ముసురే, జిల్లా అంతా ఒకేలా తడుస్తుంది. చిత్తలో తుఫాను లేని రోజుల్లో పడేది వేరే రకం. పొద్దున ఎండ కాస్తుంది, పైన ఆకాశం కడిగినట్టుంటుంది, మధ్యాహ్నానికి ఉక్కపోస్తుంది, సాయంత్రం ఉరుముతుంది. పెద్దలు చినుకు అని పేరు పెట్టింది ఆ వానకి. మాట ఎంచుకోవడంలోనే రెండిటినీ విడదీశారు.

ఎందుకలా ముక్కలుగా పడుతుందో కూడా చెప్తాను, సామెత ఎంత నిజమో తెలియాలి కదా. అక్టోబరు నడిమికి నైరుతి రుతుపవనాలు మన వైపు నుంచి తప్పుకుంటుంటాయి, ఈశాన్యం ఇంకా కుదురుకోదు. రెండిటి సందులో పైగాలికి ఊపు తక్కువ. పగటి ఎండకి నేల కాగుతుంది, సముద్రం మీంచి తడిగాలి లోపలికొస్తుంది. అది పడమటి కొండలకి తగిలి పైకి లేస్తుంది. అలా లేచిన మబ్బు నిట్టనిలువుగా పెరిగి పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తుకి కూడా పోతుంది. అడ్డంగా చూస్తే మాత్రం కొద్ది కిలోమీటర్లే. ఆ మబ్బు ఆయుష్షు అరగంటో గంటో. ఉన్న నీళ్ళన్నీ ఉన్న చోటే దించేసి అణిగిపోతుంది. దాని నుంచి దిగిన చల్లగాలి పక్కనున్న వేడిగాలిని ఎత్తితే, ఇంకో మబ్బు ఇంకో చోట లేస్తుంది. అందుకే కొండలకి ముందు, మైదానానికి తర్వాత. అందుకే సాలూరులో దంచికొడితే గజపతినగరంలో దుమ్ము. తారు రోడ్డు మీద బండిలో పోతుంటే ఒక గీతకి ఇవతల పొడి రోడ్డు, అవతల తడి రోడ్డు ఆవిరి కక్కుతూ కనపడటం మన వైపు తిరిగే డ్రైవర్లందరికీ ఎరుకే. విజయనగరంలో పైడితల్లి సిరిమాను దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం జరుగుతుంది, చాలా ఏళ్ళు చిత్త కార్తెలోనే పడుతుంది. ఆ సాయంత్రం కోట దగ్గర తడిసినవాళ్ళూ, కంటోన్మెంటులో పొడిగా ఉన్నవాళ్ళూ ఒకే ఏడాది గురించి రెండు కథలు చెప్తారు.

సాలూరు చెల్లమ్మ అడిగింది: "'చిత్త కురిస్తే చింతలు కాయును' అంటారు కదా అన్నయ్యా, చింతలంటే దిగుళ్ళా, చింతకాయలా?"

చింతచెట్లే అమ్మా. ఈ రోజులకి చెట్టు మీద చింతకాయ పిందె దాటి పొడుగు సాగుతుంటుంది, అప్పుడు ఒక వాన తగిలితే కాయ నిండుతుంది. మీ వైపు కొండల్లో చింతపండు ఒక్కో ఇంటికి ఎంత ఆదరువో మీకే బాగా తెలుసు. దిగులు అనే అర్థం చెవికి తగలకపోదు, పక్కనే పూత మీదున్న వరి ఉన్న రైతు ఆ వానకి పుప్పొడి కడుక్కుపోయి తాలు పడుతుందేమోనని నిజంగానే చింతిస్తాడు. అయినా 'కాయును' అనే క్రియ చెట్టుకే చెందుతుంది. అర్థాన్ని క్రియ పట్టుకుని ఉంది, అక్కడే ఆగుదాం.

ఆమదాలవలస తమ్ముడు 'ఉత్తర చూసి ఎత్తర గంప' గురించి అడిగాడు. దానికి వేరే పోస్టు రాయాలి, ఇక్కడ రెండు ముక్కలే. సెప్టెంబరు రెండో సగంలో ఉత్తర కార్తె. అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదలడమే. సిక్కోలు (శ్రీకాకుళం) నుంచి చెన్నైకీ హైదరాబాదుకీ పనులకి పోయినవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. ఆ సామెత వినపడితే మా నాన్న మాట మార్చేసేవారు. ఉత్తరలో కురవని ఏడాది రైతు చూపంతా ఇక హస్త, చిత్తల మీదే. చిత్త చినుకుకి మనసుందని ఎందుకన్నారో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఆశ పెట్టుకున్న వానకే మనం చిత్తం ఉందంటాం.

ఒక కోరిక. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే ఈ సామెత సగం చెప్పి వదిలేయండి, "చిత్త చినుకు..." అని. మిగతా సగం వాళ్ళ నోటి నుంచే రానివ్వండి. 'చిత్తం' అన్నారా, 'ఇష్టం' అన్నారా, 'చ' పలికారా, 'స' పలికారా, ఏ ఊరు, ఇవన్నీ కింద రాయండి. కొత్తూరు, మందస, కురుపాం, చీపురుపల్లి వైపు నుంచి ఒక్కరూ ఇంకా రాయలేదు. చిత్త 23 దాకా ఉంది.