హైదరాబాదులో ఒకటిన్నర రోజు: పాతబస్తీకి శుక్రవారం వెళ్లాలా, శనివారమా?

సాగరతీరం (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న:

పిల్లలకు సంక్రాంతి సెలవులు ఇవ్వగానే, జనవరి రెండో వారంలో, మేం ఐదుగురం హైదరాబాదు వస్తున్నాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో శుక్రవారం ఉదయం నాంపల్లిలో దిగి, మర్నాడు సాయంత్రం అదే బండికి తిరుగు ప్రయాణం అవుతాం. బస కూడా స్టేషనుకు దగ్గర్లోనే కుదిరింది.

మావారు వేసిన లెక్క ఇది: దిగిన రోజునే చార్మినార్ ఎక్కి, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం వరసగా ముగించేసి, శనివారం తీరిగ్గా బిర్లా మందిరం, హుస్సేన్‌సాగర్ చూసుకుని బండెక్కడం. కాగితం మీద బాగానే ఉంది గానీ, మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. చదును నేల మీద అరగంట నడుస్తారు, మెట్లంటే మాత్రం మోకాళ్లు సహకరించవు. ఆవిడ ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం కోసం. 1974లో, పెళ్లయిన కొత్తలో, మామగారితో వచ్చినప్పుడు “గంట కొట్టి లోపలికి పోయే గడ్డపాయన”ను చూశారట. మామగారు పోయి నాలుగేళ్లయింది. ఆ కథ మాత్రం మా ఇంట్లో నెలకోసారైనా వస్తుంది. తొమ్మిదేళ్ల బాబుకు చార్మినార్ ఎక్కాలని, పదమూడేళ్ల పాపకు లాడ్ బజార్ గాజులు కొనాలని కోరిక.

ఈ వరస సరైనదేనా? రెండు రోజులకూ కారు మాట్లాడుకోవడం మంచిదా? తెలిసినవారు చెప్పగలరు.

మూసీగట్టు జవాబు:

అమ్మా, మీవారి లెక్కలో రోజులను తారుమారు చేయకపోతే అత్తగారు గేటు చూసి తిరిగి రావలసి వస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కూడా ఆ రోజు తెరవరు. పైగా శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజుకు వేలమంది వస్తారు. ఆ వేళలో యాత్రికుల్లా లోపల తిరగడం కుదరదు, తిరగకూడదు కూడా. కాబట్టి శుక్రవారం సరస్సు వైపు, శనివారం పాతబస్తీ వైపు పెట్టుకోండి.

శుక్రవారం ఉదయం స్నానాలు కానిచ్చి, పూటుగా టిఫిను చేసి బిర్లా మందిరానికి వెళ్లండి. నౌబత్ పహాడ్ మీద తెల్లని రాజస్థాన్ చలువరాతితో కట్టిన ఈ గుడి 1976లో పూర్తయింది. అక్కడ ఫోన్లు లోపలికి తీసుకువెళ్లనివ్వరు, కింద కౌంటరులో ఇచ్చి వెళ్లాలి. అందుచేత ఐదుగురి ఫోన్లూ ఒకే సంచిలో వేసి ఇస్తే తిరిగి తీసుకునేటప్పుడు గొడవ ఉండదు. గుళ్లో ఎక్కడా గంట కనిపించదు. ధ్యానానికి నిశ్శబ్దం ఉండాలని రామకృష్ణ మఠం స్వామి రంగనాథానంద కోరడంతో గంటలు పెట్టలేదు. మీ బాబు తప్పక అడుగుతాడు, అందుకని ముందే చెబుతున్నాను. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. ఆటోను పైదాకా తీసుకువెళ్లినా కొన్ని మెట్లు తప్పవు, అత్తగారిని తొందరపెట్టకండి.

సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధ విగ్రహం దగ్గరకు వెళ్లవచ్చు. ఆ ఏకశిలా విగ్రహాన్ని 1990లో తరలిస్తుండగా అది నీట మునిగిపోయింది, ఆ ప్రమాదంలో మనుషులు కూడా చనిపోయారు. రెండేళ్లు సరస్సు అడుగునే ఉండి, 1992లో సరస్సు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ అనే బండ మీద నిలబడింది. మా నాన్నగారు ఆ రెండేళ్లూ ట్యాంక్‌బండ్ మీదుగా ఆఫీసుకు వెళ్తూ రోజూ ఆ నీటివైపు చూసేవారు. జనవరి కాబట్టి ఓపిక మిగిలితే నాంపల్లిలో నుమాయిష్ (ఏటా జరిగే ఎగ్జిబిషన్) ఎలాగూ ఉంటుంది, మీ బసకు అడుగు దూరం.

కారు మాత్రం వద్దు. శనివారం నాంపల్లిలో మెట్రో ఎక్కితే మధ్యలో గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటగానే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). అక్కడినుంచి చార్మినార్‌కు ఆటోలో వెళ్లవచ్చు. సొంత కారైనా, అద్దె కారైనా పాతబస్తీలోని మదీనా కూడలి దగ్గర ఇరుక్కుంటే కిలోమీటరు కదలడానికి పట్టే సమయంలో అత్తగారు నడిచి వెళ్లిపోతారు. చార్మినార్, చౌమహల్లా, మ్యూజియం మూడూ ఒకదానికొకటి కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ దూరంలోనే ఉన్నాయి.

రెండోబోగీ జవాబు:

రోజుల విషయంలో పైన రాసినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఎందుకంటే మూడేళ్ల కిందట శుక్రవారం పూట మ్యూజియం గేటు ముందు నిలబడిన మూర్ఖుల్లో నేనొకడిని. అయితే అక్కడితో మా కథ ముగియలేదు. మా నిరాశ కనిపెట్టిన ఆటో అబ్బాయి “ముత్యాలు తయారుచేసే చోటు చూపిస్తాను, ఉచితం” అని ఒక కొట్టుకు తీసుకువెళ్లాడు. తయారీ ఏమీ లేదు. చల్లని గది, టీ కప్పులు, నాలుగు రెట్ల ధర. బయటికి వచ్చేసరికి గంటన్నర గడిచింది, మా ఆవిడ మెడలో నాకు నచ్చని హారం ఒకటి పడింది. ముత్యాలు కొనాలనుకుంటే చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో మీ కాళ్లతో మీరే నడిచి, రెండు మూడు కొట్లలో ధర అడిగి కొనండి. ఆటోవాళ్లు చూపించిన కొట్టుకు మాత్రం వెళ్లకండి.

ఇక ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. శనివారం సాయంత్రం బండి ఉన్నప్పుడు ప్యాలెస్, మ్యూజియం రెండూ పెట్టుకోవడం అత్యాశ. నన్నడిగితే మ్యూజియం వదిలేసి చౌమహల్లాకే వెళ్లమంటాను. మ్యూజియం అంటే గది తరవాత గది, మధ్యాహ్నానికి పిల్లలు డీలా పడతారు. చౌమహల్లాలో తోట ఉంది, నీటి కొలను ఉంది, పెద్దవారు చెట్టు నీడన కూర్చోవచ్చు. ఖిల్వత్ దర్బారు హాలులో పందొమ్మిది బెల్జియం షాండిలియర్ల కింద నిలబడి తల పైకెత్తితే మా అబ్బాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి, పది దాటాక తప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలై అయిదో నిజాం కాలంలో పూర్తయిన ఆ భవనాలను ఎంత శ్రద్ధగా బాగుచేశారంటే 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది.

మదీనామలుపు జవాబు:

పుట్టింది పెరిగింది ఇక్కడే కాబట్టి కొంచెం చనువుగా చెబుతున్నాను. ప్యాలెస్ అందమైనదే, కాదనను. కానీ ఆ పెద్దావిడ యాభై ఏళ్ల తరవాత చూడాలనుకుంటున్నది షాండిలియరు కాదు, గడియారం. శనివారాన్ని దాని చుట్టూ కట్టండి, మిగిలినవి దొరికినంత చూడండి. పన్నెండింటికి అక్కడ ఉండటం ముఖ్యం, ఎందుకంటే ఒంటిగంటకు వెళ్తే గడ్డపాయన ఒక్క దెబ్బ కొట్టి లోపలికి పోతాడు.

ఎనిమిదిన్నరకల్లా చార్మినార్ చేరండి. అప్పటికింకా జనం పలచగా ఉంటారు, ఎండ తూర్పు కమాను మీద పడుతుంది. పక్కనే ఉన్న నిమ్రా కేఫులో నిలబడి ఇరానీ చాయ్ తాగండి. అత్తగారికి డికాక్షను ఘాటు పడకపోతే “పౌనా” అని అడగండి, పాలు ఎక్కువ పోసి ఇస్తారు. ఉస్మానియా బిస్కట్టును చాయ్‌లో ముంచి మూడు లెక్కపెట్టేలోగా తీసేయాలి, ఆలస్యమైతే కప్పు అడుగున వెతుక్కోవాలి.

చార్మినార్ 1591 నాటిది, మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. తొమ్మిదింటికి టిక్కెట్లు మొదలవుతాయి, బాబునూ మీవారినీ మాత్రమే పంపండి. యాత్రికులను మొదటి అంతస్తు వరకే ఎక్కనిస్తారు గానీ, ఆ మెట్లు మీనారు లోపల చుట్టలు చుట్టుకుంటూ పోతాయి. వెలుతురు తక్కువ, ఒక్కో మెట్టు మామూలు ఇంటి మెట్టుకంటే బాగా ఎత్తు, ఎదురుగా దిగేవాళ్లు వస్తే గోడకు అంటుకుని నిలబడాలి. అత్తగారి మోకాళ్లకు అది శిక్ష. వాళ్లు దిగేలోగా మీరు ముగ్గురూ కింద నిలబడి ఆ నాలుగు గడియారాలను చూడండి, అవి 1889లో పెట్టినవి. ఉత్తరంగా చూస్తే గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమానులు కనిపిస్తాయి. మక్కా మసీదు ఆవరణలోకి వెళ్తే తల మీద కొంగు, చేతులు కాళ్లు కప్పే బట్టలు చూసుకోండి. 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన ఆ మసీదు ముందు పావురాల గుంపు దగ్గరే మీ బాబు అరగంట తినేస్తాడని లెక్కేసుకోండి.

లాడ్ బజారులో కొట్లు తెరుచుకునేది ఆలస్యంగా, పదకొండు దాటాక గానీ కళ రాదు. కాబట్టి గాజుల పని మ్యూజియం తరవాతకు వాయిదా వేయండి. ముందుగా పాప చేతి కొలత తెలుసుకుని ఉండండి, రెండు నాలుగా, రెండు ఆరా అని అడుగుతారు. లక్క గాజు మట్టి గాజులా చెయ్యి నొక్కి తోసేది కాదు, బలవంతం చేస్తే రాళ్లు రాలతాయి. కొన్ని కొట్ల అరుగు మీద చేస్తూనే కనిపిస్తారు: లక్క ముద్దను నిప్పుల సెగకు మెత్తబరిచి, సన్నగా సాగదీసి, కడియానికి చుట్టి, వేడి ఆరేలోగా చిమటాతో (చిన్న పట్టకారుతో) ఒక్కొక్క రాయినే నొక్కుతారు. బేరం సంగతి విశాఖ వారికి నేను చెప్పాలా!

మ్యూజియానికి పదకొండున్నరకే చేరి, సామాను జమ చేసి, గేటు దగ్గరే చక్రాల కుర్చీ అడగండి. గడియారం ముందు కుర్చీలు వేసి ఉంటాయి, పన్నెండుకు ముందే నిండిపోతాయి. అది అయ్యాక ముసుగు రెబెకాను చూడండి. 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న శిల్పం అది, చెక్కినది ఇటలీ శిల్పి బెన్జోనీ. ముఖం మీద ముసుగూ రాయే, ముసుగులోంచి కనిపించే ముఖమూ రాయే. మిగతా గదుల జోలికి పోకండి, రెండోబోగీ గారు భయపడినట్లు పిల్లలు డీలా పడతారు.

సాగరతీరం, తిరిగి వచ్చాక:

అందరికీ నమస్కారం. బుధవారం రాద్దామనుకుని ఈ రోజుకు కుదిరింది. మీరు చెప్పినట్లే శుక్రవారం బిర్లా మందిరం, బుద్ధుడి పడవ అయ్యాయి. బాబు గంటల గురించి అడిగాడు, నేను చెప్పగలిగాను. నుమాయిష్‌కు వెళ్లాలనుకున్నాం గానీ అత్తగారు అలిసిపోవడంతో మానుకున్నాం.

శనివారం చార్మినార్ మెట్లెక్కి దిగిన మావారు “అమ్మను తీసుకురాకపోవడం నయమైంది” అన్నారు. ఆయన పిక్కలు ఇంటికి వచ్చాక కూడా నొప్పి పెట్టాయి. చౌమహల్లా వదిలేశాం, రెండోబోగీ గారు క్షమించాలి. మ్యూజియానికి పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు చేరాం. రెండో వరసలో కుర్చీలు దొరికాయి. సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మను బాబే ముందు కనిపెట్టి నానమ్మకు చూపించాడు, ఆవిడకు అది గుర్తే లేదట. తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికి రాగానే హాలంతా ఒక్కసారి ఫోన్లు లేచాయి, మాకు ముందు వరసలోని చేతులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అత్తగారు లేచి నిలబడలేదు. పన్నెండు దెబ్బలూ కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. తరవాత నాతో, “అప్పుడు మేం నాలుగింటికి వెళ్లాం, నాలుగే కొట్టాడు, మీ మామగారు మళ్లీ పన్నెండింటికి తీసుకొస్తానన్నారు” అని మాత్రం అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు.

గాజుల దగ్గర గంట పట్టింది. పాపకు రెండు నాలుగు సరిపోయింది. అత్తగారు తనకు వద్దు వద్దంటూనే ఆకుపచ్చవి ఒక జత చేతికి పెట్టి చూసుకున్నారు, రెండు ఆరు పట్టలేదు, రెండు ఎనిమిది తీసుకున్నాం. కొట్టబ్బాయి రెండు జతలకు తొమ్మిది వందలు చెబితే ఐదు వందల యాభైకి ఇచ్చాడు. ఎక్కువే పెట్టామా అన్నది మదీనామలుపు గారు చెప్పాలి.