విమానం నీడ చుట్టూ కనిపించే రంగుల వలయంతో మబ్బులోని బిందువుల సైజు చెప్పొచ్చా?

ప్రశ్న:
పోయిన నెల హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్తుంటే కింద తెల్లటి మబ్బు మీద మా విమానం నీడ పడింది. దాని చుట్టూ గుండ్రంగా రంగులు. "నాన్నా, ఇంద్రధనుస్సు మొత్తం కనిపిస్తోంది!" అని మా అమ్మాయి ఒకటే సంబరం. ఇంటికొచ్చి వెతికితే దాన్ని గ్లోరీ అంటారని తెలిసింది. నాసా వాళ్ల పేస్ ఉపగ్రహం కూడా ఇలాంటి రంగుల్ని బట్టే మబ్బులోని బిందువుల సైజు చెబుతుందట. తల వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా లేని బిందువుని అంత ఎత్తు నుంచి ఎలా కొలుస్తారు? కొలిస్తే ఏం తెలుస్తుంది? అమ్మాయి తొమ్మిదో తరగతి, దానికి అర్థమయ్యేలా చెప్పాలి.

జవాబు 1:
ఒక్కో బిందువుని విడిగా చూడరండీ. కోటానుకోట్ల బిందువులు కలిసి వెనక్కి పంపే వెలుగుని చూస్తారు. 2024 ఫిబ్రవరిలో వెళ్లిన పేస్‌లో హార్ప్2 అనే చిన్న పరికరం ఉంది. కింద మబ్బు దాటిపోయేలోపు దాన్ని ఎరుపు వెలుగులో 60 కోణాల నుంచి తీస్తుంది, ఆ వెలుగు ఎంత ధ్రువణం చెందిందో, అంటే దాని తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో ఊగుతున్నాయో కూడా చూస్తుంది. అందులో మేఘధనుస్సు, అంటే మబ్బు బిందువుల వల్ల ఏర్పడే ఇంద్రధనుస్సు లాంటిది, చారలుగా కనిపిస్తుంది. బిందువులు చిన్నవైతే చారలు ఎడంగా, పెద్దవైతే దగ్గరగా పడతాయి. రకరకాల సైజులు కలిసుంటే చారలు అలుక్కుపోతాయి. మీరు చూసిన గ్లోరీ కూడా అంతే, బిందువు చిన్నదైతే వలయం పెద్దది.

జవాబు 2:
ఇంతకుముందు నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ లాంటి పరికరాలు ఎంత వెలుగు తిరిగొచ్చిందన్నదాన్ని బట్టి సైజు లెక్కగట్టేవి. విడివిడిగా ఉన్న మబ్బుల నీడలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ లెక్క తప్పేది. చారల పద్ధతికి ఆ ఇబ్బంది బాగా తక్కువ. కాకపోతే అది చెప్పేది మబ్బు పైపొర గురించే.

ఇక లాభం సంగతి. పొగ, ధూళి కణాలు పెరిగితే ఉన్న నీరే ఎక్కువ బిందువులుగా చీలుతుంది, మబ్బు మరింత తెల్లబడి ఎండని తిప్పికొడుతుంది. 1970ల్లో టూమీ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది. మన కాలుష్యం భూమి వేడెక్కడాన్ని ఎంత కనపడకుండా చేస్తోందన్న లెక్కలో ఇప్పటికీ పెద్ద సందిగ్ధం ఇక్కడే ఉంది. సైజు సరిగ్గా తెలిస్తే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఎక్కడ తప్పుతోందో పట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి మా అమ్మాయికి చపాతీ పిండితో చేసి చూపించాను. ఒక ముద్దని ఎనిమిది ఉండలు చేస్తే ఒక్కోటి అడ్డంగా సగం సైజే, కానీ పక్కపక్కన పరిస్తే రెట్టింపు చోటు కప్పేశాయి. "అందుకా తెల్లగా ఉండేది!" అంది. వెంటనే, "మరి అంత చిన్నవైతే వాన పడుతుందా?" అని అడిగింది.

జవాబు 1:
మంచి ప్రశ్న. ఒక వాన చినుకుకి దాదాపు పది లక్షల మేఘబిందువులు కలవాలి. మరీ చిన్నవైతే అవి ఢీకొని కలవడం కష్టం, వాన ఆలస్యమవుతుంది.