సిక్కోలు ఎండలకు పియోనీ తట్టుకుంటుందా? ముద్ద పూల రకాలు సేకరించేవాళ్ళు చెప్పండి

గుజరాతీపేట మిద్దెతోట:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం టౌనులో మిద్దె మీద సుమారు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా నేరుగా ఎండ తగులుతుంది. మందారాలు, ఎడీనియమ్‌లు ఇప్పటికే ఉన్నాయి. చలిదేశాల్లో నిండుగా పూసే పియోనీలు రకాలవారీగా సేకరించి పెంచాలని ఉంది. సారా బెర్నార్ట్, కోరల్ చార్మ్, బార్ట్‌జెల్లా అనే మూడు రకాలు అనుకున్నాను. ఆన్‌లైన్‌లో ‘పియోనీ బల్బులు’, ‘నీలం పియోనీ విత్తనాలు’ కూడా కనిపిస్తున్నాయి.

వీటిలో మన వేడికి ఏది ఆగుతుంది? దుంపను ఫ్రిజ్‌లో పెట్టి తీసి నాటితే పూస్తుందని ఒకచోట చదివాను, అది నిజమేనా? అవేవీ కుదరకపోతే అంత నిండుగా పూసే పువ్వు, పది పదిహేను రకాలు పోగెయ్యగలిగేది మన దగ్గర ఏముంది? కుండీ కొలత, మట్టి, ఎరువు వివరంగా రాస్తే మేలు.

చీపురుపల్లి నేల–నీరు:
మూడింటిలో ఏదీ ఆగదండి. డబ్బు పెట్టకముందే అడిగారు, మంచిదైంది.

పియోనీకి వేడి కంటే పెద్ద అడ్డంకి చలి చాలకపోవడం. ఎండాకాలం చివర మొక్క మొదలు దగ్గర వచ్చే ఏడాదికి కళ్ళు, అంటే ఎర్రటి మొలక మొగ్గలు తయారవుతాయి, ఆపైన నిద్రలోకి పోతాయి. ఆ నిద్ర వదలాలంటే 0 నుంచి 5 డిగ్రీల చల్లదనం రకాన్ని బట్టి ఆరు నుంచి పది వారాలు కావాలి. మన మైదానంలో పుష్యమాసం రాత్రుళ్ళు కూడా 15 డిగ్రీల అటూఇటూనే ఉంటాయి. లంబసింగిలో కొన్ని రాత్రులు బాగా పడిపోతాయి గానీ పగలు మళ్ళీ ఎండెక్కుతుంది, ఆ చలి వారాల తరబడి నిలవదు. అక్కడ కూడా పియోనీని నమ్ముకోలేం.

మీరు రాసిన రకాల సంగతి. సారా బెర్నార్ట్ 1906లో ఫ్రాన్సులో లెమోయిన్ వాళ్ళు విడుదల చేసిన గులాబిరంగు ముద్ద పువ్వు. ఆలస్యంగా పూస్తుంది కాబట్టి ఎండలు ముదిరే చోట దాని మొగ్గలు విప్పుకోకుండానే ఎండిపోతాయి. కోరల్ చార్మ్ ముందుగా పూస్తుంది, చలిదేశాల్లో కాస్త వెచ్చగా ఉండే ప్రాంతాలవాళ్ళు అందుకే దాన్ని ఎంచుకుంటారు. బార్ట్‌జెల్లా పసుపుపచ్చది, ఇటో జాతి. జపాన్‌లో తోయిచి ఇటో 1948లో కాండం గట్టిపడే చెట్టు పియోనీనీ, ఏటా ఎండి మళ్ళీ నేలలోంచి లేచే మెత్తకాడ పియోనీనీ కలిపి సాధించిన వంశం అది. చెట్టు పియోనీలకీ ఇటోలకీ చలి కొంత తక్కువైనా సరిపోతుంది. ఆ ‘తక్కువ’ కూడా మన ఊళ్ళో లేదు.

ఫ్రిజ్ పద్ధతి అబద్ధం కాదు. 3–5 కళ్ళున్న దుంపను తేమగా ఉన్న కొబ్బరిపొట్టులో చుట్టి 4 డిగ్రీల దగ్గర రెండు నెలల పైన ఉంచితే కన్ను లేస్తుంది, ఆకు వస్తుంది. దుంపలో నిల్వ ఉన్న పిండి బలంతో ఒక పువ్వు కూడా రావచ్చు. చిక్కు ఆ తర్వాత. మన రాత్రులు వెచ్చన కాబట్టి ఆకు పగలు సంపాదించిన పిండిలో ఎక్కువభాగం రాత్రి శ్వాసకే ఖర్చయిపోతుంది, దుంపలోకి మిగిలేది తక్కువ. జూన్ దాటాక తడిమట్టి, వేడి కలిసి వేరు కుళ్ళు వస్తుంది. ఒకవేళ బతికినా ఏటా తవ్వి ఫ్రిజ్‌లో పెట్టాలి. పియోనీకి కదిలించడమే పడదు. సరైన చోట నాటినా నిండుగా పూయడానికి మూడేళ్ళు తీసుకునే మొక్క అది. ఆ పద్ధతిని సేకరణకు ఆధారం చేసుకోకండి.

మన దేశంలో పియోనీ లేకపోలేదు. పియోనియా ఎమోడై అనే తెల్లటి ఒంటిరెక్క జాతి కశ్మీరు నుంచి ఉత్తరాఖండ్ దాకా హిమాలయాల వాలుల్లో అడవిలోనే పెరుగుతుంది. చలికాలం మంచు కప్పే చోటు దానిది.

టెక్కలి తోటమాలి:
విత్తనాల గురించి ఒక్కమాట. నీలం పియోనీ అనేది లేదు, ఆ ఫొటో రంగు మార్చింది. అసలు పియోనీ గింజ బఠాణీ అంత, నున్నగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. ప్యాకెట్లో ఆవగింజంతవి వస్తే అవి వేరే ఏవో. నిజమైన గింజే దొరికినా ముందు రెండు మూడు నెలలు వెచ్చదనంలో వేరు, తర్వాత రెండు మూడు నెలలు చలిలో ఉంచితే మొలక, అక్కణ్ణుంచి పువ్వుకు నాలుగైదేళ్ళు. పైగా గింజ నుంచి తల్లి రకం రాదు, సారా బెర్నార్ట్ పేరుతో గింజ అమ్మేవాణ్ణి అక్కడే వదిలెయ్యొచ్చు. ‘బల్బు’ అన్నా అనుమానించండి. పియోనీకి ఉల్లిపాయలాంటి గడ్డ ఉండదు, కండపట్టిన లావు వేళ్ళు, పైన ఎర్రటి కళ్ళు ఉంటాయి.

ఆ పువ్వు పోలికే కావాలంటే మందారం కుటుంబంలోదే అయిన హైబిస్కస్ మ్యుటాబిలిస్ ముద్దరకం వెయ్యండి. పొద్దున తెల్లగా విచ్చి సాయంత్రానికి ముదురు గులాబిరంగుకు తిరుగుతుంది. పెన్సిలు లావు కొమ్మ, జానెడు పొడవు, వానాకాలంలో గుచ్చితే వేరు పట్టేస్తుంది. 18 అంగుళాల కుండీ కావాలి, పిండినల్లి విపరీతంగా పడుతుంది, పూత అయ్యాక సగానికి కత్తిరించాలి. కాకపోతే ఇందులో రకాలు తక్కువ, సేకరణ అనేంత ఉండదు. చలికాలానికి ముద్ద డేలియాలు ఉన్నాయి, అక్టోబరు చివర నాటుకుంటే సంక్రాంతి దాటాక పూలు. మే ఎండల్లో దుంపను కాపాడుకోవడం మాత్రం కష్టం.

బొబ్బిలి తామరతొట్టి:
మిద్దె, తొమ్మిది గంటల ఎండ, నిండు పువ్వు, పదిహేను రకాలు. ఈ నాలుగూ ఒకచోట కుదిరేది తామర. పియోనీకి ఏది శత్రువో అదే దీనికి బలం. నర్సరీలవాళ్ళు అమేరీ పియోనీ, వైట్ పియోనీ అంటూ ఆ పేరే తగిలించి ముద్ద తామరలు అమ్ముతున్నారు కూడా. పేర్లు చేతులు మారేకొద్దీ కలగాపులగం అవుతాయి, పువ్వు ఫొటో అడగకుండా కొనకండి.

తొట్టి: అడుగున కన్నం లేనిది, గుండ్రటిది. చిన్న రకాలకు 18 అంగుళాలు, పెద్దవాటికి 24 అంగుళాల అడ్డకొలత, 12–14 అంగుళాల లోతు. లోతుకన్నా వెడల్పు ముఖ్యం. పలకల తొట్టి వద్దు. పాకే తీగ మూలలో ఇరుక్కుంటే దాని మొన ముందుకు పోలేక చచ్చిపోతుంది, గుండ్రంగా ఉంటే అంచు వెంబడి తిరుగుతూ పోతుంది.

మట్టి: అడుగున రెండు అంగుళాలు ఏడాది మాగిన పశువుల పేడ ఎరువు, పిడికెడు ఎముకల పొడి. దాని మీద ఆరు అంగుళాలు చెరువుమట్టి. నాగావళి ఒడ్డు ఇసుకమట్టి పనికిరాదు, దుంపను పట్టి ఉంచదు. తడిపి పిసికితే ఉండకట్టే జిగట మట్టి కావాలి. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, ఊక కలిపారంటే పైకి తేలి నీళ్ళు నల్లబడతాయి. పచ్చిపేడ వేస్తే పులిసి బుడగలు కట్టి దుంపను కుళ్ళబెడుతుంది. మొక్కలు చావడానికి మొదటి కారణం ఇదే.

దుంప: కనీసం రెండు కణుపులు, విరగని మొన ఒకటి ఉండాలి. మొన నల్లగా మెత్తబడితే ఆ దుంప వదిలెయ్యండి. రాగానే కడిగి వెడల్పాటి గిన్నెలో నీళ్ళలో వేసి ఎండ తగిలే చోట ఉంచండి, నీళ్ళు రోజూ మార్చాలి. వారంలో నాణెమంత ఆకులు, తెల్లటి వేళ్ళు కనపడ్డాక నాటాలి. మట్టిలో వేలితో చాలు తీసి దుంపను అడ్డంగా పడుకోబెట్టి, తోకను అంచు వైపు, మొనను మధ్యకు తిప్పి పైకి చూసేలా వదలండి. మొన పూడ్చకూడదు. దుంప తేలకుండా మీద చిన్న రాయి చాలు. నీళ్ళు మొదట రెండు అంగుళాలే, ఆకులు లేచేకొద్దీ ఐదారు అంగుళాలకు పెంచండి. మొదటిరోజే తొట్టి నింపేస్తే మట్టి వేడెక్కదు, మొలక సాగదు.

ఎరువు: నీటి మీద పరుచుకునే ఆకుల దశలో ఏమీ వెయ్యొద్దు. తూడు, అంటే కాడ మీద నీటిపైకి నిలబడే మొదటి ఆకు లేచాక 18 అంగుళాల తొట్టికి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాముల డీఏపీ గానీ, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు గానీ. దాన్ని రెండు కాగితం పొట్లాలు కట్టి, మొనకు దూరంగా అంచు దగ్గర మట్టిలో మూడు నాలుగు అంగుళాల లోతుకు గుచ్చాలి. 20 రోజులకోసారి. నీళ్ళలో చల్లితే ఎరువు తినేది నాచు, మాడేది ఆకు. మార్చిలో నాటిన చిన్న రకాలు రెండు నెలల అటూఇటూగా మొగ్గ వేస్తాయి.

రకాల ఎంపికలో ఒక సలహా. వేయిరేకుల తామరలకు అందరూ ఆశపడతారు. వాటిలో కేసరాలే కాదు, మధ్య దిమ్మె కూడా రేకులుగా మారిపోతుంది, అందుకే కాయ కట్టవు. మొగ్గ అంత బరువు గనక పూర్తిగా విప్పుకోలేక, వానలో రేకుల మధ్య నీరు నిలిచి లోపలే కుళ్ళుతుంది. మన దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా ఈ బాధ తప్పదు. వందా నూటయాభై రేకుల రకాలతో మొదలుపెట్టండి, అవి చక్కగా విచ్చుకుంటాయి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ (ఎన్‌బీఆర్‌ఐ) 2023లో ప్రకటించిన ‘నమో 108’ రేకుల సంఖ్యలో ఈ కోవలోదే, మార్చి నుంచి డిసెంబరు దాకా పూస్తుందని వాళ్ళు చెప్పారు. మణిపూర్ నుంచి తెచ్చిన తామర నుంచి వచ్చింది. పసుపు రంగు కావాలంటే అది సంకరమే అయివుంటుంది. ఆసియా తామరలో గులాబి, తెలుపు తప్ప లేవు, పసుపు అమెరికా జాతి నెలంబో లూటియా నుంచి వచ్చింది.

గుజరాతీపేట మిద్దెతోట:
చాలా స్పష్టంగా రాశారండి, అందరికీ కృతజ్ఞతలు. పియోనీ ఆలోచన మానేశాను. మూడు సందేహాలు. పదిహేను తొట్లు పెడితే శ్లాబు మీద బరువెంత? దోమల మాటేమిటి? మా బోరునీరు కాస్త ఉప్పగా ఉంటుంది, పనికొస్తుందా?

చీపురుపల్లి నేల–నీరు:
24 అంగుళాల తొట్టిలో అడుగున రెండు అంగుళాల ఎరువు 15 కిలోలు, ఆరు అంగుళాల తడిమట్టి 70 కిలోలు, పైన ఐదారు అంగుళాల నీరు 40 కిలోలు, అంతా కలిపి సుమారు 125. 18 అంగుళాలదైతే 70 దాకా. పదిహేనూ శ్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకండి. గోడల మీదుగా, దూలాల వరసన సర్దండి. పాత ఇల్లయితే ముందు ఇంజినీరుకు చూపించాలి, ఇందులో అంచనాలు పనికిరావు. తొట్టికింద రెండు ఇటుకలు పెట్టండి, శ్లాబు చెమ్మపట్టదు.

ఉప్పునీళ్ళతో ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి చుట్టుకుపోతాయి. మే నెలలో రోజూ అంగుళం దాకా ఆవిరై పోతుంటే పోసిన ఉప్పంతా తొట్లోనే పేరుకుంటుంది. వాననీళ్ళు పట్టి ఉంచుకోండి. లేదంటే మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు డ్రమ్ములో ఒక రోజు నిలవబెట్టి పోయండి. తొలకరి వానలకు తొట్లు పొర్లి పోనివ్వండి, ఉప్పు కొంత కడుక్కుపోతుంది.

బొబ్బిలి తామరతొట్టి:
దోమలకు తొట్టికి నాలుగైదు గప్పీ చేపలు. నీళ్ళు నిండిన వారానికి వదలండి, అప్పటిదాకా ప్రతి మూడో రోజు పైనీరు పొర్లించాలి. చేపలున్న తొట్లో పురుగుమందు కొట్టకూడదు. పేనుబంక లేతాకు, మొగ్గకాడల మీద చేరుతుంది. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి రాల్చేస్తే చేపలే తింటాయి. వేపనూనె పడితే ఆకు మీది మైనపు పొర పోయి ఎండకు మాడుతుంది. లద్దెపురుగును చేత్తో ఏరడమే. నత్తలు దుంపతోబాటు గుడ్లుగా వస్తాయి, అందుకే కడగమన్నది.

పండిన ఆకు కోసేటప్పుడు తూడును నీటిమట్టానికి పైనే కొయ్యండి. తూడు లోపల గాలి గొట్టాలుంటాయి, నీటి కింద కోస్తే వాటిగుండా నీరు దుంపలోకి దిగి కుళ్ళుతుంది. తుపాను గాలికి తూళ్ళు విరిగినప్పుడు కూడా ఇదే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినట్టు ఈదురుగాలి హెచ్చరిక ఉంటే తొట్లు పిట్టగోడ వారకు, ఆకులు ఒకదానికొకటి ఆనేలా దగ్గరగా జరపండి. గాలి తగ్గగానే విరిగిన తూళ్ళు సరిచేసి కొయ్యండి.

టెక్కలి తోటమాలి:
సేకరణ అన్నారు కనక ఇది. ఒక తొట్టికి ఒకటే రకం. రెండు వేస్తే బలమైన రకం ఏడాదిలో రెండోదాన్ని తినేస్తుంది, దుంపలు విడదీసేటప్పుడు ఏది ఏదో తేల్చలేరు. కాయ కట్టే రకాల్లో పూత రాలగానే కాయ తుంచెయ్యండి. గింజ అదే తొట్లో పడి మొలిస్తే తల్లిపేరుతో వేరే మొక్క పెరుగుతుంది. పేరు తొట్టి బయటి వైపు ఎనామిల్ పెయింటుతో రాయాలి, మార్కరు రాత ఒక వేసవికే తెల్లబోతుంది. అల్యూమినియం రేకు మీద మేకుతో గీకి మట్టిలో ఒకటి గుచ్చి ఉంచండి. ఫొటోలు విచ్చిన మొదటి రోజు, మూడో రోజు విడివిడిగా తియ్యండి. తామర మూడు నాలుగు రోజులుంటుంది, రంగు రోజురోజుకీ వెలుస్తుంది. మూడో రోజు పువ్వు చూసి రకం పోల్చితే పొరపడతారు.

దుంపలు విడదీసి తిరిగి నాటడం జనవరి చివర నుంచి మార్చి దాకా, ఏటా. మానేస్తే తొట్టి నిండా దుంప ఇరుక్కుని ఆకులే వస్తాయి, పువ్వు రాదు. విడదీసినప్పుడు ప్రతి రకానికీ రెండో దుంప తెలిసినవాళ్ళ తొట్లో పెట్టించండి. మీ దగ్గర పోయినా రకం పోదు.