ప్రాథమిక పాఠశాలలో ప్రార్థన: ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో ఎంతవరకు సమంజసం?

ప్రశ్న (మూడో తరగతి బాలిక తండ్రి):
మా అమ్మాయి క్రైస్తవ సంస్థ నడిపే ఒక ఎయిడెడ్ పాఠశాలలో చదువుతోంది. అక్కడ రోజూ ప్రార్థన ఉంటుందని తెలిసే, చదువు బాగుందని చేర్పించాం. మొన్న రాత్రి కంచం ముందు కళ్లు మూసుకుని ఏదో చెప్పుకుని, "నానమ్మా, నువ్వు ప్రార్థన చేయకుండానే తినేస్తున్నావేం?" అని మా అమ్మను అడిగింది. అమ్మ నొచ్చుకుంది. మా పక్కింటి ముస్లిం పిల్లవాడు వేరే ప్రైవేటు బడిలో రోజూ సరస్వతీ శ్లోకం చదువుతాడు కాబట్టి, ఇది ఒక్క మతం సంగతి కాదని నాకు తెలుసు. ఈ వయసులో ఇది తగునా? చట్టం ఏమంటుంది?

జవాబు 1 (న్యాయవాది):
రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సాయం గానీ పొందే సంస్థల్లో మతబోధ ఉండవచ్చు గాని, మైనర్ల విషయంలో సంరక్షకుల సమ్మతి లేకుండా అందులోనూ ఆరాధనలోనూ పాల్గొనాలని నిర్బంధించరాదు. ఈ రక్షణ మీ అమ్మాయికీ, గుర్తింపు ఉన్న బడి అయితే మీ పక్కింటి పిల్లవాడికీ సమానమే. మతాల గురించి తెలియజెప్పడం వేరు. దానికి అడ్డు లేదని 2002లో, జాతీయ పాఠ్యప్రణాళికపై వచ్చిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఏది ప్రార్థన, ఏది నీతిపాఠం అన్నది అంత తేలికగా తేలదు. కేంద్రీయ విద్యాలయాల్లో "అసతోమా సద్గమయ" చదివించడంపై వచ్చిన వ్యాజ్యాన్ని, రాజ్యాంగ ధర్మాసనం (కనీసం ఐదుగురు న్యాయమూర్తులది) పరిశీలించవలసిన అంశమంటూ 2019 జనవరిలో సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు పైకి నివేదించారు.

జవాబు 2 (మండల పరిషత్ పాఠశాల ఉపాధ్యాయిని):
మతబోధ వేరు, మతాల గురించిన బోధ వేరు అని దేశ విద్యావిధానంపై కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే తన నివేదికలో చెప్పింది. తరగతి గదిలో ఆ తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. రంజాన్ మరునాడు ఒక బాలిక స్టీలు డబ్బాలో సేమ్యా తెచ్చి అందరికీ తలా ఒక చెంచా పెట్టింది. "చంద్రుడు మబ్బు చాటున ఉంటే పండుగ రాదా?" అని వెనుక వరుసలోని పిల్లవాడు అడిగాడు. ఆ రోజు పరిసరాల విజ్ఞానం పాఠం పక్కకు పోయింది. ఉగాదికీ, రంజాన్‌కూ చంద్రుడే లెక్క అయినా, రెండు మూడేళ్లకోసారి చేర్చే అధికమాసం వల్ల ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలను దాటిపోదనీ, అధికమాసం లేని రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుందనీ నల్లబల్ల మీద గీసి చూపించాను. ఎవరినీ చేతులు జోడించమని అడగలేదు.

జవాబు 3 (ఇంగ్లండ్‌లో ఉంటున్న తల్లి):
చట్టం ఇచ్చిన మినహాయింపు ఉందని నిశ్చింతగా ఉండకండి. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో రోజూ సామూహిక ఆరాధన జరగాలనీ, అది ప్రధానంగా క్రైస్తవ స్వభావం కలిగి ఉండాలనీ 1988 నుంచీ చట్టం చెబుతోంది. వద్దనుకున్న తల్లిదండ్రులు పిల్లలను తప్పించవచ్చు. మేము లేఖ ఇచ్చాం. ఆ సమయమంతా మా అబ్బాయి గ్రంథాలయంలో ఒంటరిగా కూర్చునేవాడు. "నేనేం తప్పు చేశానమ్మా?" అని వాడు అడిగిన రోజే లేఖను వెనక్కి తీసుకున్నాం. మీరు అడగదలిస్తే, ఆ సమయంలో పిల్లకు ఏ పని ఇస్తారో, తోడుగా ఎవరుంటారో ముందే అడగండి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సమ్మతి అంటూ ఏదైనా సంతకం చేశామేమోనని చేరిక దరఖాస్తు నకలు వెతుకుతున్నాను. పిల్లను ప్రార్థన నుంచి తప్పించే ఆలోచన మాత్రం ఇక లేదు. పక్కింటివారికి వారి హక్కు సంగతి చెప్పాను, ఆపై వారి ఇష్టం. ఈలోగా మా అమ్మ మనవరాలికి "అన్నం పరబ్రహ్మ స్వరూపం" నేర్పింది. ఇప్పుడు కంచం ముందు రెండూ జరుగుతున్నాయి, పప్పు చల్లారిపోతోంది.