ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్‌కు వెళ్తున్న అమ్మాయి: ఏ స్కాలర్‌షిప్ ముందు, ఏది తర్వాత?

ప్రశ్న

నమస్కారం అండి. మా చెల్లి ఇంటర్ ఎంపీసీ 91 శాతంతో పాసైంది, ఇప్పుడు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు వెళ్తోంది. మాది తెలంగాణ, బీసీ. అమ్మానాన్నలది కూలి పని. ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి అడగడానికి మనిషి లేడు. నెట్ సెంటర్ అతను "అన్నిటికీ పెట్టేద్దాం, ఏదో ఒకటి తగులుతుంది" అంటున్నాడు. అలా చేయవచ్చా? వేటికి పెట్టాలి, ఎక్కడ దెబ్బతింటాం?

జవాబు 1

అన్నిటికీ పెట్టేయకండి. ప్రభుత్వ పథకాల్లో ఒకటి తీసుకుంటే ఇంకొకటి రాదనే షరతు చాలాచోట్ల ఉంటుంది. ముందు లెక్క వేసుకుని తర్వాత పెట్టండి.

అన్నిటికంటే ముందు సీటు సంగతి చూడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే మీ ట్యూషన్ ఫీజును రాష్ట్ర ప్రభుత్వం కట్టడం, కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే) సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, కౌన్సెలింగ్ అయ్యాక కాలేజీవాళ్లు నింపుకునే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. "మంచి బ్రాంచి ఇస్తాం, స్పాట్‌లో రండి" అని ఫోన్లు వస్తాయి. ఆ ఒక్క నిర్ణయంతో నాలుగేళ్ల ఫీజు మీ నెత్తిన పడుతుంది. అలాట్‌మెంట్ ఆర్డర్ భద్రంగా పెట్టుకోండి.

తర్వాత ఈపాస్, అంటే రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే తెలంగాణ ప్రభుత్వ పోర్టల్. ఇందులో రెండు భాగాలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే పిల్లల ఖర్చులకిచ్చే మొత్తం. పూర్తి ఫీజు వస్తుందా, ఒక పరిమితి వరకే వస్తుందా అన్నది ర్యాంకును, కేటగిరీని బట్టి ఉంటుంది. తేడా ఉంటే అది మీరే కట్టాలి, కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే ఒక్కో కాలేజీ ఫీజు చూసి రాసుకోండి.

దరఖాస్తుకు పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్, మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అలాట్‌మెంట్ ఆర్డర్, బోనఫైడ్‌లు (చదివిన చోట ఇచ్చే ధ్రువపత్రాలు), బ్యాంకు పాస్‌బుక్ కావాలి. ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొడితే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. మీసేవలో వేలిముద్ర వేయాలి, ప్రింట్‌తో పాటు కాగితాలు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ దాన్ని పైకి పంపాలి. కాలేజీ దగ్గర ఆగిపోయిన దరఖాస్తు ఎన్నాళ్లయినా అక్కడే ఉంటుంది, మీకు ఎవరూ చెప్పరు. పది రోజులకోసారి స్టేటస్ చూడండి. (ఆంధ్రప్రదేశ్‌వాళ్లు చదువుతుంటే: మీకు పోర్టల్ జ్ఞానభూమి.)

ఇక కేంద్రం ఇచ్చేవి. ఇవి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, ఎన్‌ఎస్‌పీలో ఉంటాయి. మీ చెల్లికి సంబంధించినవి రెండు.

ఒకటి సెంట్రల్ సెక్టార్ స్కీమ్. ఇంటర్ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో (అంటే ప్రతి వందమందిలో పై 20 మందిలో) ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించకూడదు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000 ఇస్తారు. అయితే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది వర్తించదని నిబంధనల్లోనే ఉంది. 12,000 కోసం అంతకంటే పెద్ద ఫీజు మొత్తాన్ని ఇరకాటంలో పెట్టకండి.

రెండోది ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే ప్రగతి, అమ్మాయిలకు మాత్రమే. ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు ఇస్తారు, మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. ఇందులోనూ ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదన్న షరతు ఉంది. ఫీజు బాగా తక్కువున్న ప్రభుత్వ కాలేజీలో సీటొస్తే ప్రగతి లాభం. ప్రైవేటు కాలేజీలో ఫీజు ఎక్కువైతే రీయింబర్స్‌మెంట్ లాభం. అయితే ప్రగతికి మార్కులను బట్టి ఎంపిక ఉంటుంది, ఖాయంగా చేతికొచ్చేది కాదు. ఈ లెక్క మీ ఇంట్లో కూర్చుని వేయాల్సింది, నెట్ సెంటర్‌లో కాదు.

జవాబు 2

పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసినా డబ్బు రాకపోవడానికి రెండు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి పేరు, రెండోది బ్యాంకు ఖాతా.

పదో తరగతి మెమోనీ ఆధార్‌నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. లేదా ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. కంప్యూటర్‌కు ఇద్దరూ వేర్వేరు మనుషులే. మెమోను మార్చే ప్రయత్నం చేయకండి, అది చాలా పెద్ద పని. మెమోను ఆధారంగా చూపించి ఆధార్‌నే మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఉంటుంది, కాబట్టి కౌంటర్‌లో టైప్ చేసింది రసీదు మీద చదివాకే ఒప్పుకోండి. పుట్టిన తేదీ కూడా చూడండి.

ఇక ఖాతా. "ఆధార్ లింక్ అయింది" అని బ్యాంకులో చెప్తారు. అది కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) కోసం చేసిన లింక్ కావచ్చు. స్కాలర్‌షిప్ పడాలంటే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర మీ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్న మ్యాపింగ్ ఉండాలి, దాన్నే సీడింగ్ అంటారు. డబ్బు ఫారంలో మీరు రాసిన ఖాతాకు కాకుండా, ఆధార్‌కు చివరిగా సీడ్ అయిన బ్యాంకుకు వెళ్తుంది. వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఈ సీడింగ్ కూడా మారిపోతుంటుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది కనిపిస్తుంది. అది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన స్మాల్ అకౌంట్ అయితే ఇంకో చిక్కు. అందులో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమలు లక్ష దాటకూడదు. పెద్ద మొత్తం వస్తే ఈ పరిమితులు అడ్డు రావచ్చు. ముందే మామూలు ఖాతాగా మార్పించండి.

జవాబు 3

ప్రభుత్వానివి ఒకదానికొకటి అడ్డొస్తాయి కానీ, ఫౌండేషన్లు ఇచ్చేవి చాలావరకు వాటితో కలిసి నడుస్తాయి. షరతులు ఒకసారి చదువుకోండి. రిలయన్స్ ఫౌండేషన్ అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్ మొదటి ఏడాది పిల్లలకే. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తారు. ఆదాయం 15 లక్షల లోపు ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చు, 2.5 లక్షల లోపు వాళ్లకు ప్రాధాన్యం. ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పనిసరి. ఫారం నింపి పరీక్ష రాయనివాళ్ల దరఖాస్తు లెక్కలోకి రాదు, సమయం పెట్టుకుని సాధన చేయించండి.

తమిళనాడులో ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఉంది, దానితో ట్యూషన్ ఫీజు రాయితీ వస్తుంది. అది ఆ రాష్ట్రంవాళ్లకే. మన దగ్గర ఇంట్లో మొదటి తరం అన్నది ఫౌండేషన్లు దరఖాస్తులో అడిగే వ్యాసంలో, ఇంటర్వ్యూలో మనం చెప్పుకోవాల్సిన విషయం. అక్కడ "మేము చాలా పేదవాళ్లం, దయచేసి ఆదుకోండి" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. అంకెలు రాయండి. ఉదాహరణకు: "హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం కలిపి ఏడాదికి 80,000. అమ్మానాన్నలు ఇవ్వగలిగింది 30,000. ఎంటీఎఫ్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మాకు తక్కువపడేది 50,000." నాలుగు వాక్యాలే, కానీ ఎంత అవసరమో, ఎందుకు అవసరమో తేలిపోతుంది.

ఏ స్కాలర్‌షిప్‌కైనా ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటే అక్కడే ఆపేయండి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. ఇంకో రెండు అనుమానాలు. నెట్ సెంటర్ అతను ఫారాల్లో తన ఫోన్ నంబరే వేస్తానంటున్నాడు, పర్వాలేదా? రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుకుంటాం అని కాలేజీవాళ్లు అంటే?

జవాబు 1

తన నంబరు అస్సలు వేయనివ్వకండి. ఎన్‌ఎస్‌పీలో దరఖాస్తులో తప్పుంటే డిఫెక్ట్ అని వెనక్కి పంపుతారు, గడువులోగా సరిచేసి మళ్లీ సబ్మిట్ చేయాలి. ఆ మెసేజ్ అతని ఫోన్‌కు పోతే మీకు తెలిసేలోపు గడువు అయిపోతుంది. వచ్చే ఏడాది రెన్యువల్ ఓటీపీ కూడా ఆ నంబరుకే వస్తుంది. ఇంట్లో రీచార్జ్ ఆగకుండా ఉండే నంబరు ఒకటి ఎంచుకుని, ఆధార్‌లో, బ్యాంకులో, ఈపాస్‌లో, ఎన్‌ఎస్‌పీలో అదే ఇవ్వండి. ఎన్‌ఎస్‌పీ వన్ టైమ్ రిజిస్ట్రేషన్ మీ ఫోన్‌లోనే చేసుకోవచ్చు, ముఖం స్కాన్ చేసే ఆధార్ యాప్ ఒకటి వేసుకోవాలి. వెలుతురులో కూర్చోబెట్టండి, చీకట్లో ఫెయిలవుతుంది.

ఒరిజినల్స్ సంగతి: వాటిని చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప ఉంచుకోకూడదని యూజీసీ (ఉన్నత విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. మర్యాదగా అది గుర్తుచేస్తూ ఒక ఉత్తరం రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, కాపీ మీద ఇన్‌వర్డ్ (అందినట్టు) ముద్ర వేయించుకోండి. అప్పటికీ ఇవ్వనంటే, ఏయే సర్టిఫికెట్లు తీసుకున్నారో నంబర్లతో సహా రాసిన రసీదు లేకుండా ఒక్క కాగితం కూడా వదిలి రాకండి. ఇవ్వబోయే ముందు అన్నిటినీ రంగుల్లో స్కాన్ చేసి, నాలుగు సెట్ల జిరాక్స్ తీయించండి. ఫౌండేషన్ల దరఖాస్తులు వచ్చేది సరిగ్గా అవి కాలేజీ బీరువాలో ఉన్నప్పుడే.